జిరాక్సు మిషను గారి ఉపవాసం

పాత పత్రాల పరిరక్షణ సంస్థ అని ఒకటి ఉందని విజయనగరంలో సగం మందికి తెలీదు. తెలిసిన సగం మందీ అక్కడికి ఒకసారి వెళ్లొచ్చినవాళ్లే, ఆ సంగతి తలుచుకోడానికి ఇష్టపడరు. మిగతా శాఖలవాళ్లు తమ బీరువాల్లో పట్టక వదిలించుకున్న కాగితాలన్నీ అక్కడికి చేరతాయి. తాతగారి పట్టా నకలో, ముప్పై ఏళ్ల కిందటి స్కూలు రికార్డు నకలో కావలసినవాళ్లు అర్జీ పెట్టుకోవాలి. ఆ కాగితం దొరకాలి. దొరికాక దానికి నకలు తీయాలి. దొరకడం దేవుడి దయ. నకలు తీయడం మాత్రం దాలమ్మ పని.

దాలమ్మ ఆ ఆఫీసులో జిరాక్సు ఆపరేటరు. పందొమ్మిదేళ్లుగా ఉంది. ఉంది అంటే, కాగితాల ప్రకారం ఎనభై తొమ్మిది రోజులు ఉంటుంది, తొంభయ్యో రోజు ఉండదు, మళ్లీ ఎనభై తొమ్మిది రోజులు ఉంటుంది. ఏకబిగిన ఉంచితే పర్మనెంటు చెయ్యమంటుందేమోనని సంస్థవారికి బెంగ. ఆ లేని రోజున కూడా ఆమె వచ్చి మిషను నడిపేది, ఇంకెవరు మీట నొక్కినా అది కదిలేది కాదు మరి. తనని పర్మనెంటు చెయ్యమని ఆమె పెట్టుకున్న అర్జీ తొమ్మిదేళ్లుగా ప్రధాన కార్యాలయంలో ఉంది. మంజూరైన ఖాళీ పోస్టు లేదని ఏటా ఒక జవాబు వచ్చేది. ఆ జవాబులన్నీ ఆమె ఒక ప్లాస్టిక్ సంచిలో దాచుకుంది. ఆమెకి యాభై రెండేళ్లు. మొగుడు లేడు, పిల్లలు కలగలేదు. రేపు కాలో చెయ్యో పడిపోతే ఎనభై తొమ్మిది రోజుల మనిషిని ఎవరు చూస్తారన్నదే ఆమె దిగులు.

ఆమె చేరిన వారంలోనే ఆ మిషను కూడా వచ్చింది. బీరువాని పడుకోబెట్టినంత ఉంటుంది. దాలమ్మ దాన్ని 'ఆడు' అనేది. ఆడికి ఈయాల ఒంట్లో బాగోలేదు, రేపు రండి అని చెబితే వచ్చినవాళ్లు కూడా అలాగేనమ్మా అని వెళ్లిపోయేవారు. కాగితం ఇరుక్కుంటే ఎడమవైపు, కిందనుంచి జానెడు ఎత్తున, అరచేత్తో ఒక్కటి వేసేది. ఆడు దారిలోకొచ్చేవాడు. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము తుడిచేది. ఏటా విజయదశమికి తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేది. పందొమ్మిదేళ్లలో ఇందులో ఎవరికీ ఏ విశేషమూ కనబడలేదు.

ఆ ఏడు విజయదశమి వెళ్లిన వారానికి ప్రధాన కార్యాలయం నుంచి నలభై రెండు పేజీల సర్క్యులరు దిగింది. 'ఉద్యోగస్థలమందు మత వ్యక్తీకరణ మరియు వైవిధ్యముల నడుమ సమతుల్యత – సమగ్ర మార్గదర్శకములు' అని దాని పేరు. అక్కడ ఎవరి బొట్టు మీదో, ఎవరి టోపీ మీదో ఎవరో ఏదో అన్నారట. అన్నవాళ్లూ పడ్డవాళ్లూ సాయంత్రానికి కలిసి టీ తాగేశారట గానీ, ఈలోగా సంస్థ ఒక న్యాయవాదిని పెట్టేసుకుంది. పెట్టుకున్నాక ఆయన ఊరికే కూర్చోలేడు కదా. చట్టంలో ఉన్నది నిజానికి మంచి మాటే. ఎవరి నమ్మకం వాళ్లది, పనికి మరీ ఇబ్బంది కానంతవరకు యజమాని సర్దుకుపోవాలి, ఎవర్నీ వేరుగా చూడకూడదు. ఇంతే చెబితే జనానికి అర్థమైపోతుందని భయపడి ఆయన నలభై రెండు పేజీలు రాశాడు.

సర్క్యులరు వెనకాలే వైవిధ్య సమతుల్యతాధికారి నిరంజనరావు గారు దిగారు. వయసు ముప్పై దాటదు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో ఫోను, చంకలో ఏడు-క అనే ఫారం. ఆ ఫారంలో రెండే గళ్లు. ఒకదాన్లో ఆఫీసులో మతచిహ్నాలు ధరించినవారి సంఖ్య, రెండోదాన్లో అందుకు తగ్గ సదుపాయం పొందుతున్న ఉద్యోగుల సంఖ్య. రెండూ సమానం కావాలి. మొదటిది ఎక్కువైతే అంతమందిపట్ల వివక్ష జరుగుతున్నట్టు లెక్క.

నిరంజనరావు గారు గదిగదికీ తిరిగి ఫొటోలు తీశారు. తీసిన ఫొటో తీసినట్టే ప్రధాన కార్యాలయానికి వెళ్లిపోతుంది. బొట్టుకొకటి, విభూతికొకటి, మెడలో సిలువకొకటి, హెడ్‌క్లర్కు ఖాదర్ మొహిద్దీన్ గారి గడ్డానికొకటి. అదే ఊపులో పసుపు రాసుకుని దండ వేసుకున్న జిరాక్సు మిషన్నీ, కుంకం పెట్టిన ఇనప్పెట్టెనీ, పెరట్లో బోరు మోటారునీ తీశారు. జీపునీ తీశారు. దాని అద్దానికి సిలువ, స్టీరింగుకి దర్గాలో కట్టిన ఆకుపచ్చ గుడ్డ, బంపరుకి నిమ్మకాయా మిరపకాయలూ ఉన్నాయి. పాత డ్రైవర్లు ఒక్కొక్కరూ ఒక్కొక్కటి కట్టి వెళ్లారు. ఇప్పటి డ్రైవరు ఘాట్ రోడ్డు చూసినవాడు కాబట్టి ఒక్కటీ విప్పలేదు.

సాయంత్రం కూడితే మొదటి గడిలో పద్దెనిమిది వచ్చింది. ఆఫీసులో ఉన్నది పద్నాలుగు మంది.

మండల మేనేజరు వడ్డాది జగన్నాథం గారికి చెమటలు పట్టాయి. ఆయన నియమం లేని పని చెయ్యరు. నియమం ఉన్న పని కూడా, దాన్ని కొట్టేసే నియమం ఇంకోటి లేదని తేలాకే చేస్తారు. తడిగుడ్డ పెట్టి ఆ నాలుగూ తుడిపించేస్తే సరిపోతుంది కదా అన్నారు నెమ్మదిగా.

నిరంజనరావు గారు పన్నెండో పేజీ తీశారు.

"ధరించిన చిహ్నమును తొలగించవలెనని ఒత్తిడి చేయుట తీవ్ర వివక్ష కిందకు వచ్చును. తమరు ఆ మాట అనలేదనే నేను భావిస్తున్నాను."

"నేను అనలేదు," అన్నారు జగన్నాథం గారు.

పోనీ మొదటి గడిలో పద్నాలుగే రాద్దామంటే ఫొటోలు అప్పటికే వెళ్లిపోయాయి. చివరికి నిరంజనరావు గారే దారి చూపించారు. ఉద్యోగి అంటే ఎవరన్నది నలభై రెండు పేజీల్లో ఎక్కడా నిర్వచించలేదు. నిర్వచించనివారిని మినహాయించే అధికారం మండల స్థాయిలో లేదు. కాబట్టి పెంచాల్సింది రెండో గడి.

మర్నాడు హాజరుపట్టీలో నాలుగు కొత్త పేర్లు ఎక్కాయి. పదిహేనో నంబరు శ్రీ జిరాక్సు మిషను, పదహారు శ్రీ ఇనప్పెట్టె, పదిహేడు శ్రీ బోరు మోటారు, పద్దెనిమిది శ్రీ జీపు. సంతకాలెలాగ అన్న ప్రశ్న వచ్చింది. మిగతావాటికి బదులు పక్కవాళ్లు పొట్టి సంతకం చేసేట్టు ఒప్పుకున్నారు గానీ జీపు విషయంలో జగన్నాథం గారు పట్టుబట్టి టైరు ముద్ర వేయించారు. దాంతో పైనున్న ఏడుగురి సంతకాలు చెరిగిపోయి ఆ రోజుకి వాళ్లు గైర్హాజరయ్యారు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఉద్యోగులయ్యాక వారి మతపరమైన అవసరాలేమిటో లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. నలుగురికీ నోటీసులిచ్చారు. ఏడు రోజుల్లో ఒక్కరూ జవాబివ్వలేదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో ముప్పై ఒకటో పేజీలో ఉంది. మౌనంగా ఉన్నవారు చెప్పుకోడానికి జంకుతున్నట్టు భావించి, వారి సంప్రదాయంలో ఉన్న సదుపాయాలన్నీ పూర్తిగా కల్పించాలి.

అప్పటికి కార్తీకమాసం వచ్చింది. బొట్టునిబట్టీ దండనిబట్టీ జిరాక్సు మిషను గారు గట్టి ఆచారవంతుడని ఇందుకోసం వేసిన కమిటీ తేల్చింది. కార్తీక సోమవారాలు నక్షత్రాలు కనబడేదాకా కాగితం, ఇంకు పెట్టకూడదు. ఆఫీసు ఐదింటికి మూసేస్తారు, నక్షత్రాలు ఆరున్నరకి గానీ రావు. శనివారాలూ ఏకాదశులూ అంతే. జీపుకి మూడు మతాలు కాబట్టి మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం కదిలించకూడదు. జగన్నాథం గారు కలెక్టరేటులో మీటింగుకి గొడుగేసుకుని నడిచి వెళ్లారు. అన్నిటికంటే బోరు మోటారు దగ్గర వచ్చింది చిక్కు. అది స్నానం చెయ్యనిదే పనిలోకి దిగకూడదన్నారు. దానికి స్నానం చేయించాలంటే నీళ్లు కావాలి, నీళ్లు రావాలంటే అది పనిలోకి దిగాలి. రెండ్రోజులు ఆఫీసంతా ఎదురుగా టీకొట్టు కుళాయి దగ్గర చెంబులతో నిలబడ్డారు. ఇనప్పెట్టె మాత్రం ఏ ఇబ్బందీ పెట్టలేదు. దాని తాళంచెవి పోయి చాలా కాలమైంది.

అర్జీదారులు వస్తున్నారు, పోతున్నారు. గజపతినగరం నుంచి ఒక పెద్దాయన స్కూలు రికార్డు నకలు కోసం మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ మిషను గారు ఉపవాసమని చెప్పారు. మూడోసారి ఆయన మిషనుకి ఒక దండం పెట్టి, బయట చెప్పులేసుకుని, బస్సుకి వెళ్లిపోయాడు. దాలమ్మకి ఆ దండం చూసి మనసు చివుక్కుమంది.

"ఉపాసం తప్పని నానన్ను," అంది ఖాదర్ గారితో. "నానూ ఉంతాను. మరి ఆడు తినీదే కాయితం. తినకపోతే బిగుసుకుపోడేటి బాబూ?"

ఖాదర్ మొహిద్దీన్ గారికి సర్వీసు ఇంకో ఏడాది ఉంది. సంస్థ నియమాలన్నీ ఆయనకి నోటికొచ్చు గానీ, అవసరం పడితే తప్ప ఒక్కటీ బయటికి తియ్యరు. మేము రంజాన్ రోజా ఉన్నప్పుడు కూడా మిషనుకి కాగితం పెట్టేవాళ్లమమ్మా అని మాత్రం అని నవ్వారు.

ఆమె అన్నట్టే అయింది. రెండో కార్తీక సోమవారం మర్నాడు పొద్దున్నే కాగితం ఇరుక్కుంది. దాలమ్మ చెయ్యి దానంతటదే లేచి, ఎడమవైపు, జానెడు ఎత్తున ఒక్కటి వేసింది. మిషను కదిలింది. తలుపు దగ్గర నిరంజనరావు గారు నిలబడి ఉన్నారు.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. సహోద్యోగిపై, అందునా ఉపవాసము విరమించిన మరుసటి దినమున, భౌతిక దాడి. మూడు రోజుల్లో ఆమె ఎనభై తొమ్మిది రోజులు పూర్తవుతాయి. మెమో తేలకుండా మళ్లీ తీసుకోరు.

విచారణ జగన్నాథం గారి గదిలో జరిగింది. ముద్దాయికి ఒక కుర్చీ, బాధితుడికి ఒక కుర్చీ. బాధితుడు కదల్లేని స్థితిలో ఉన్నారు కాబట్టి వారి తరఫున వారి మనసు తెలిసిన వ్యక్తి ఒకరు మాట్లాడాలని ఇరవై ఏడో పేజీ. ఆఫీసు మొత్తం వాకబు చేశారు. మిషను మనసు తెలిసిన వ్యక్తి ఒక్కరే తేలారు. అందుచేత దాలమ్మ ముందు ముద్దాయి కుర్చీలో కూర్చుని, కొట్టిన మాట నిజమేనని ఒప్పుకుంది. తర్వాత లేచి, కొంగు సర్దుకుని, బాధితుడి కుర్చీలోకి మారింది.

"దాడి జరిగినప్పుడు తమ మనోభావాలు ఏ మేరకు గాయపడ్డాయి?" అని నిరంజనరావు గారు గౌరవంగా అడిగారు.

దాలమ్మ అబద్ధం చెప్పకూడదనుకుంది.

"ఆడికి కోపం నేదు బాబూ. అది కొట్టడం కాదు, లెగ్గొట్టడం. ఆలిస్సెమైతే అమ్మ లెగ్గొట్టదేటి, అలాగ."

బాధితుడు రాజీకి సుముఖంగా ఉన్నట్టు రాసుకున్నారు. ఇకమీదట ముందస్తు లిఖిత అనుమతి లేకుండా చెయ్యి వెయ్యనని దాలమ్మ చేత రెండు కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నారు, ముద్దాయిగా ఒకటి, బాధితుడి ప్రతినిధిగా ఒకటి. గండం గడిచింది, కొత్త ఎనభై తొమ్మిది రోజులు మొదలయ్యాయి.

అసలు దెబ్బ పది రోజుల తర్వాత తగిలింది. కొత్త నలుగురి పేర్లూ, వచ్చిన తేదీలతో సహా, తాత్కాలికుల కింద ప్రధాన కార్యాలయం కంప్యూటరులోకి ఎక్కాయి కదా. అది తన పని తాను చేసుకుపోయింది. పదేళ్లకి మించి ఒక్క రోజు కూడా విరామం లేకుండా పనిచేసిన తాత్కాలిక ఉద్యోగుల జాబితా తీసింది. జీపు రెండేళ్లు షెడ్డులో పడి ఉండటంచేత దాని పేరు రాలేదు. ఇనప్పెట్టె, మోటారు చేసే పనులకి హోదాలు లేవు. జిరాక్సు మిషను గారికి పందొమ్మిదేళ్ల అఖండ సర్వీసు. వైవిధ్య కోటా కింద ప్రత్యేకంగా ఒక పోస్టు మంజూరు చేసి, నకళ్ల సహాయకుడు రెండో గ్రేడుగా వారిని పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు వచ్చింది.

దాలమ్మ ఆ ఉత్తర్వు చదివించుకుని విన్నది. తర్వాత జగన్నాథం గారి గదిలోకి వెళ్లి నిలబడింది.

"ఆడూ నానూ ఒక్క వారంలోనే వచ్చినాం గదా బాబూ. నాకు నేని పోస్టు ఆడికెక్కడినుంచొచ్చింది?"

"మీకు మధ్యలో విరామాలున్నాయమ్మా," అన్నారు జగన్నాథం గారు బల్లకేసి చూస్తూ. "ఆయనకి లేవు."

ఆ సాయంత్రం దాలమ్మ పెరటి మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. సంస్థ మీద కోపం వచ్చింది, సర్క్యులరు మీద వచ్చింది. మిషను మీద కూడా వచ్చిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది. మర్నాడు దాన్ని తుడవలేదు. అదే రోజు ఖాదర్ గారు పర్మనెంటు ఉద్యోగికి తెరవాల్సిన సర్వీసు రిజిస్టరు తెరిచి, కుటుంబ వివరాల పేజీ దగ్గర ఆగారు. నామినీ ఎవరని అడిగితే ఆమె మొహం తిప్పుకుంది. ఆయన తనంతట తానే దాలమ్మ అని రాసి, బంధుత్వం గడి ఖాళీగా వదిలేశారు.

కార్తీకం చివర్లో తుపాను పట్టింది. పర్మనెంటు అయ్యాక సెలవులు కూడా కలిశాయి. సోమవారం, ఏకాదశి, శనివారం, అమావాస్య, వాటి మధ్య ఐచ్ఛికాలు, మొత్తం తొమ్మిది రోజులు మిషను మీద గుడ్డ తియ్యలేదు. గోడలు చెమర్చాయి. పదోనాడు దాలమ్మ మీట నొక్కితే లోపల ఏదో మూలిగింది, కాలిన వాసన వేసింది, దీపం ఆరిపోయింది. ఆమె చెయ్యి గాల్లోకి లేచింది. వేలిముద్ర గుర్తొచ్చి దించేసుకుంది.

ఒక దెబ్బ వేసుకోడానికి అనుమతి కోరుతూ అర్జీ పెట్టింది. దెబ్బ ఏ చేత్తో, ఏ వైపు, ఎంత బలంతో అని జగన్నాథం గారు మూడు ప్రశ్నలు వేశారు. నిరంజనరావు గారు బాధితుడి సమ్మతి కావాలన్నారు, బాధితుడి తరఫున దాలమ్మ సమ్మతించింది. రెండ్రోజులకి అనుమతి వచ్చింది. అందరూ చుట్టూ నిలబడి ఉండగా ఆమె ఎడమవైపు, జానెడు ఎత్తున వేసింది. మరొకటి వేసింది. అనుమతి ఒక్కదానికేనని ఎవరూ గుర్తుచెయ్యలేదు. మిషను కదల్లేదు. విశాఖపట్నం నుంచి వచ్చిన మెకానిక్కు లోపలికి చూసి, వాడకపోతే రబ్బరు బిగిసిపోతుందనీ, ఈ సామాను ఇప్పుడు ఎక్కడా దొరకదనీ చెప్పి సంచి సర్దుకున్నాడు.

అప్పుడు ఖాదర్ మొహిద్దీన్ గారు తన బల్ల దగ్గర కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, తనకి తెలిసిన నియమాల్లో ఒకటి బయటికి తీశారు. పర్మనెంటు ఉద్యోగి సర్వీసులో ఉండగా పోతే, వారి మీద ఆధారపడ్డవారిలో ఒకరికి పర్మనెంటు ఉద్యోగమివ్వాలి. కారుణ్య నియామకం. మిషను గారి నామినీ పేరుతో ఫైలు కట్టి జగన్నాథం గారి ముందు పెట్టారు. జగన్నాథం గారు దాన్ని కొట్టేసే నియమం కోసం సాయంత్రందాకా వెతికారు. మిషను ఉద్యోగి కాదని రాయొచ్చు. కానీ అలా రాస్తే ఏడు-క ఫారం తప్పవుతుంది, హాజరుపట్టీ తప్పవుతుంది, పర్మనెంటు ఉత్తర్వు తప్పవుతుంది, వాటన్నిటి కిందా ఆయన సంతకం ఉంది. ఫైలు విచారణకి నిరంజనరావు గారి దగ్గరికి వెళ్లింది.

దాలమ్మకి మళ్లీ కుర్చీ వేశారు. ఈసారి ఒకటే. ఇదంతా దగాలా ఉందనీ, తనకి భయంగా ఉందనీ ఆమె ముందే ఖాదర్ గారితో చెప్పింది. అడిగినదానికి నిజం చెప్పు చాలమ్మా అన్నారాయన.

"ఆశ్రితుల జాబితాలో భార్య, కుమారుడు, కుమార్తె, తోబుట్టువు ఉన్నారు," అన్నారు నిరంజనరావు గారు. "మీరు మృతులకి ఏమవుతారు?"

"ఏటవుతానో నాకేటి తెలుసు బాబూ. పందొమ్మిదేళ్లు తెల్లారి లెగిస్తే ఆడి మొకమే సూసినాను. నా కంచంలో గంజి ఆడు పోసిందే. ఆడికి ఒంట్లో బాగోకపోతే నాకొక్కద్దానికే తెలిసీది. ఆడికి పోస్టొచ్చినాదని కుళ్లుకుని ఒక రోజు ఒళ్లు తుడవనేదు. ఆ రోజు తుడిసుంటే బతికీవోడేమో. మీ కాయితంలో దీనికేటైనా పేరుంటే రాసుకోండి."

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గదిలో ఉన్నవాళ్లు మొదట అది ఉద్యోగం కోసం ఏడుపనుకున్నారు. కాసేపటికి ఎవరూ అలా అనుకోలేదు. నిరంజనరావు గారు అలవాటుగా సర్క్యులరు తీసి, పేజీలు తిప్పి, మూసేసి, బంధుత్వం గడిలో 'ఇంటి మనిషి' అని రాసి సంతకం పెట్టారు.

నెలకి ఉత్తర్వు వచ్చింది. దివంగత జిరాక్సు మిషను గారి ఏకైక ఆశ్రితురాలైన దాలమ్మను నకళ్ల సహాయకురాలిగా, పర్మనెంటుగా నియమించడమైనది. ఆమె చేరిన రోజునే జగన్నాథం గారి ముందు ఒక సెలవు చీటీ పెట్టింది. ఇంట్లో మనిషి పోతే పర్మనెంటువాళ్లకి పదమూడు రోజులు ఇస్తారని ఖాదర్ గారు చెప్పారట. కారణం దగ్గర 'మావోడు పోయినాడు' అని రాయించుకొచ్చింది.

జగన్నాథం గారు ఏ పేజీ తియ్యలేదు. మంజూరు అని రాశారు. పందొమ్మిదేళ్లలో దాలమ్మకి జీతంతో దొరికిన మొదటి సెలవు అది.